పప్పు ఉడికించు నీరెల్ల మంచినీరేనా?

పశ్చిమ ప్రకాశమున నీటిని పరీక్షించుట మనవారికి క్రొత్త విద్య కాదు. బోరు పడిన నాడే ఊరిపెద్దలు నలుగురు చేరి మొదటి నీటిని పుక్కిట పట్టి చూచెదరు. ఉప్పగా నున్నచో పెదవి విరిచెదరు; తియ్యగా నున్నచో కొబ్బరికాయ కొట్టెదరు. ఇల్లాలు ఆ నీటిని ఎసట పెట్టి కందిపప్పు వేసి చూచును. త్వరగా ఉడికినచో మంచినీరనియు, గంటసేపు మరిగినను బద్దలు బద్దలుగానే నిలిచినచో పనికిరాని నీరనియు తీర్పు చెప్పును. బట్టలుతుకువారు సబ్బు నురుగును చూచి అదే మాట చెప్పుదురు. మార్కాపురము మొదలుకొని కంభము, గిద్దలూరు, యర్రగొండపాలెము వరకు ఈ మూడు పరీక్షలు ఎరుగని ఇల్లు లేదన్నను అతిశయోక్తి కాదు.

ఈ పరీక్షలు తప్పుడు పరీక్షలని మేము చెప్పబోవుట లేదు. నాలుక ఉప్పును పట్టుకొనును. పప్పు, సబ్బు నీటి కఠినత్వమును, అనగా అందు కరగియున్న సున్నపు సారమును పట్టుకొనును. కాని మన ప్రాంతమున ఎముకలను, పండ్లను చెరచుచున్న ఫ్లోరైడును ఈ మూడింటిలో ఏదియు పట్టుకొనజాలదు. పట్టుకొనకపోవుటయే కాదు, పెక్కుసార్లు తప్పుదారి కూడ పట్టించును. ఏలయన, సున్నపు సారమగు కాల్షియము హెచ్చుగా నున్న నీటిలో ఫ్లోరైడు దానితో కూడి కరగని పదార్థమై విడిపోవును. కావున అట్టి నీటిలో అది ఒక మేరకు మించి నిలువదు. కాల్షియము తక్కువై సోడాక్షారము ఎక్కువైన నీటిలో దానికి అడ్డు లేదు. అట్టి నీరు నాలుకకు మెత్తగా నుండును, సబ్బును నురుగెత్తించును, పప్పును వేగముగా ఉడికించును. పప్పు ఉడుకుటకు చిటికెడు వంటసోడా వేయు ఇల్లాలికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. మూడు పరీక్షలలోను మొదటి తరగతిలో నెగ్గిన నీరే బిడ్డల పండ్లకు పసుపు చారలు తెచ్చు నీరు కావచ్చును.

ఈ బాధ నిన్న మొన్నటిది కాదు. మన దేశమున మానవులలో ఫ్లోరోసిస్ వ్యాధిని శాస్త్రజ్ఞులు మొట్టమొదట గుర్తించి ప్రకటించినది ఈ గడ్డమీదనే. మదరాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, పండిట్, రాఘవాచారి అను మువ్వురు నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్‌ను గూర్చి 1937లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో వ్రాసిరి. పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు అప్పుడు నెల్లూరు జిల్లాలోనివి. మార్కాపురము, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనివి. 1970లో ఒంగోలు కేంద్రముగా క్రొత్త జిల్లా ఏర్పడినప్పుడు ఇవన్నియు ఒక్క గూటికి చేరినవి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశము పంతులుగారి పేరు పెట్టబడినది. జిల్లా పేర్లు, హద్దులు మారినను భూమి లోపలి రాయి మారలేదు. కనిగిరి ప్రాంతపు గ్రానైటు శిలలలో ఫ్లోరైటు అను ఖనిజము కలదని భూగర్భశాస్త్రజ్ఞులు గుర్తించియున్నారు. మార్కాపురము వైపు పలకరాయి, గట్టిపడిన బంకరాయి పొరలు గలవు. రాతి పగుళ్లలో ఏండ్ల తరబడి నిలిచిన నీరు ఆ రాతి సారమును తనలోనికి తీసికొనును. బోరు లోతుకు పోయినకొలది మనము త్రాగు నీటికిని రాతికిని గల చెలిమి పెరుగుచుండుట సామాన్యము.

ఈ వ్యాధికి మందు లేదను మాట కఠినమైనను నిజము. పాల పండ్లు ఊడి శాశ్వత దంతములు చిగురులోపల రూపుదిద్దుకొను వయస్సున, అనగా సుమారు ఎనిమిదేండ్ల లోపున, బిడ్డ త్రాగిన నీరు ఆ దంతములపై శాశ్వతముగ గుర్తు పెట్టును. మరింత హెచ్చు ఫ్లోరైడును చాల ఏండ్లు త్రాగినవారికి మెడ, నడుము, మోకాళ్లు బిగిసికొనిపోవును. వంగిన వెన్ను తిరిగి నిలువబడదు. పాలు, ఆకుకూరలు, ఉసిరి వంటి ఆహారము కొంత మేలు చేయును. కాని నీరు మార్చుటయే నిజమైన చికిత్స. కొందరు నీటిని కాచి త్రాగుచున్నాము గదా యని ధైర్యపడుదురు. కాచుట వలన క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు. ఆవిరియైన నీటి మేరకు మిగిలిన నీటిలో అది చిక్కబడును.

అందువలన పరీక్ష తప్పదు. ఇక్కడనే గ్రామసభలలో మేము తరచు వినెడి ప్రశ్న వచ్చుచున్నది. “పెద్ద పట్టణములలో నీటిని ఒక్క మారు పోసినంతనే అన్ని దోషములను కాగితముమీద గీసి చూపు యంత్రము ఉన్నదట. అట్టిది మార్కాపురమునకు ఎందుకు తేరాదు?” అని. ఆ యంత్రము పేరు అయాన్ క్రొమటోగ్రాఫు. దానితో చేయు పరీక్ష అయాన్ క్రొమటోగ్రఫీ. అడిగినవారికి అది యేమో, దానిని నెలకొల్పుటకు ఏమేమి కావలెనో, దానినుండి పంచాయతీ ఏమి రాబట్టుకొనవచ్చునో చెప్పుట మా విధి.

నీటిలో కరగిన లవణములు అయానులను విద్యుదావేశము గల కణములుగా విడిపోయియుండును. ఫ్లోరైడు, క్లోరైడు, నైట్రేటు, సల్ఫేటు ఋణావేశము గలవి. ఇవన్నియు ఒక్క చుక్కలో కలగలిసి యుండగా దేనిని దానిగా లెక్కించుట ఎట్లు? మార్కాపురము చెన్నకేశవస్వామి తిరునాళ్లను తలచుకొనుడు. వీధికి ఇరువైపుల అంగళ్లు. ఒక్కసారిగా నలుగురు మనుష్యులు వీధి మొదట బయలుదేరిరి. ఒకడు ఏ అంగడివైపును చూడక నడచి ముందు గుడి చేరును. ఒకడు గాజుల అంగడివద్ద కొంచెము నిలుచును. మరియొకడు ప్రతి మిఠాయి అంగడివద్దను ఆగి చిట్టచివరకు వచ్చును. గుడిద్వారమున కూర్చున్నవాడు ఎవరు ఏ గడియకు వచ్చిరో వ్రాసికొన్నచో చాలును. యంత్రములో ఆ వీధి ఒక సన్నని గొట్టము. సాధారణముగ జానెడు మొదలు అడుగు పొడవు లోపున నుండును. దానినిండ మిక్కిలి సన్నని రెసిన్ పూసలు కూరబడియుండును. ఆ పూసలే అంగళ్లు. పీడనముతో ఒక క్షారద్రవము ఎడతెగక ఆ గొట్టములో ప్రవహించుచుండగా, మన నీటిని చుక్కలో సగము లెక్కన అందు ప్రవేశపెట్టుదురు. ఫ్లోరైడు ఎక్కడను నిలువక మొదట బయటపడును. తరువాత క్లోరైడు, ఆపై నైట్రైటు, నైట్రేటు, ఫాస్ఫేటు వచ్చును. రెండు ఆవేశములు గల సల్ఫేటు చివరకు వచ్చును. అంతయు సుమారు పావుగంటలో ముగియును.

ద్వారమువద్ద కూర్చుండి వ్రాసికొనునది విద్యుద్వాహకతను కొలుచు సాధనము. కాని ఇందొక చిక్కున్నది. ప్రవహించు క్షారద్రవము తానే విద్యుత్తును బాగుగ వహించును. తప్పెట్లు, తాళములు మ్రోగుచుండగా పసిబిడ్డ మాట వినబడనట్లు ఆ రొదలో ఫ్లోరైడు గొంతు వినబడదు. ఈ చిక్కును విప్పినవారు అమెరికాలోని డౌ కంపెనీకి చెందిన హామిష్ స్మాల్, స్టీవెన్స్, బామన్ అను శాస్త్రజ్ఞులు. గొట్టము తరువాత సప్రెసర్ అను మరియొక భాగమును చేర్చి వారు క్షారద్రవమును విద్యుత్తును అంతగా వహించని ద్రవముగా మార్చిరి. సోడియము కార్బొనేటు అచ్చట బలహీనమైన కార్బొనిక్ ఆమ్లమగును. తప్పెట్లు ఆగును, గొంతులు వినబడును. 1975లో వారు ఈ పద్ధతిని ప్రకటించిన పిమ్మట నీటి పరీక్షలో ఒక క్రొత్త దారి ఏర్పడినది.

వచ్చిన అయాను ఎంత ఎక్కువ ఉన్నచో కాగితముపై గీత అంత ఎత్తున కొండవలె లేచును. ఏ కొండ ఎప్పుడు లేచినదను దానినిబట్టి అది ఏ పదార్థమో, కొండ వైశాల్యమునుబట్టి అది ఎంతయో తెలియును. ఇంతవరకు వినుటకు బహు సొంపుగా నున్నది. ఇక దానిని నెలకొల్పుట.

మొదట కావలసినది నీరే! పరీక్షకు వచ్చు నీరు గాదు; యంత్రము త్రాగు నీరు. క్షారద్రవమును కలుపుటకును, కొలతల ద్రావణములను తయారుచేయుటకును విద్యుత్తును దాదాపు వహించనంత శుద్ధమైన నీరు కావలెను. 18 మెగ్ ఓములకు మించిన నిరోధము గల నీరని రసాయనజ్ఞులు దానిని వర్ణింతురు. బ్యాటరీలో పోయు నీరు ఇందుకు చాలదు. కావున యంత్రముతోపాటు నీటిని శుద్ధిచేయు మరియొక యంత్రము, దాని జల్లెడలు, వాటిని ఏటేట మార్చు ఖర్చు. పిమ్మట గది. ఎండకాలమున మార్కాపురములో గది లోపలి వేడిమి పగటికి రాత్రికి ఎంత మారునో మీకు తెలియును. వేడిమి మారినచో విద్యుద్వాహకత మారును, గీత వంకరలు తిరుగును. అందుచేత చల్లని, ఒకే తీరు వేడిమి గల గది కావలెను. కరెంటు పోయినచో పని మధ్యలో ఆగకుండ నిలువ విద్యుత్తు కావలెను. దుమ్ము రాకుండ తలుపులు కావలెను. వీటిలో దేనిని విడిచినను లక్షల రూపాయల యంత్రము గుడ్డ కప్పుకొని మూల కూర్చుండును. అట్లు కూర్చున్న యంత్రములు లేకపోలేదు.

క్షారద్రవమును కలుపుట పచ్చడి కలుపుట వంటిది కాదు. సోడియము కార్బొనేటు, బైకార్బొనేటు అతి స్వల్పముగా, తూకములో వెంట్రుకవాసి తేడా లేకుండ కలిపి, అందలి గాలి బుడగలను తొలగించి వాడవలెను. పంపులో ఒక్క బుడగ చేరినను ప్రవాహము తడబడును. మొదటి గొట్టమునకు ముందు కాపలా గొట్టమొకటి అమర్చుదురు. పాచి, జిడ్డు దానిలో చిక్కుకొనును, అసలు గొట్టము బ్రతుకును. ప్రతి నమూనాను 0.45 మైక్రాను రంధ్రముల జల్లెడలో వడగట్టనిదే లోపలికి పంపరాదు. యంత్రము నిలకడగా గీత గీయువరకు ఓపిక పట్టవలెను. ఆ తరువాత తెలిసిన మోతాదులు గల ద్రావణములను, ఉదాహరణకు లీటరునకు 0.2, 0.5, 1, 2, 5 మిల్లీగ్రాముల ఫ్లోరైడు గలవానిని వరుసగా పంపి కొలబద్దను గీసికొనవలెను. కొలబద్ద లేనిదే కొండ ఎత్తునకు అర్థము లేదు.

మన ప్రాంతపు నీటికి ప్రత్యేకముగ రెండు చిక్కులు గలవు. మొదటిది ఫ్లోరైడు తొందరపాటు. నమూనాలోని నీరే గీతపై ఒక చిన్న గుంటను త్రవ్వును. ఫ్లోరైడు ఆ గుంటను ఆనుకొని లేచును. గొట్టమును, ద్రవమును సరిగ ఎన్నుకొననిచో కొండలో కొంత గుంటలో కలిసిపోయి అంకె తగ్గును. చెడిన నమూనాలో పుట్టు ఎసిటేటు, ఫార్మేటు అను పదార్థములు కూడ ఆ ప్రక్కనే వచ్చి ఫ్లోరైడు వేషము వేయును. అప్పుడు అంకె పెరుగును. రెండవది ఉప్పు. క్లోరైడు మిక్కుటముగా నున్న నీటిని అట్లే పంపినచో దాని కొండ ప్రక్కవానిని కప్పివేయును. కావున ముందుగ విద్యుద్వాహకతను కొలిచి, అవసరమైనచో నీటిని అయిదింతలో పదింతలో పలుచన చేయవలెను. చేసిన పలుచనను లెక్కలో తిరిగి హెచ్చవేయుట మరచినచో 2.4 అను అంకె 0.24 అగును. యంత్రము చేయు తప్పు కాదిది, కలము చేయునది. కాని ఆ సున్న ఒక ఊరి బిడ్డల పండ్లమీద వ్రాయబడును.

ఇట్టి తప్పులను పట్టుకొనుటకు మంచి ప్రయోగశాలలో కొన్ని ఆచారములు గలవు. పదేసి నమూనాలకు ఒకమారు తెలిసిన ద్రావణమును మరల పంపి కొలబద్ద కదలలేదని చూచుకొందురు. ఒకే నీటిని రెండుమార్లు పరీక్షింతురు. నమూనాకు తెలిసినంత ఫ్లోరైడును కావలెనని చేర్చి, చేర్చినది తిరిగి లెక్కకు వచ్చినదా యని చూతురు. పంచాయతీ కూడ ఒక చిన్న ఉపాయము చేయవచ్చును. ఒకే బోరు నీటిని రెండు సీసాలలో పట్టి, వేరు వేరు పేర్లు వ్రాసి పంపుడు. రెండు అంకెలును దగ్గరగా వచ్చినచో ఆ ప్రయోగశాలపై మీ నమ్మకము పెరుగును. దూరముగా వచ్చినచో మర్యాదగా కారణమడుగుడు. ఇందు అధికారులను అవమానించుట ఏమియు లేదు. పనితెలిసిన రసాయనజ్ఞుడు దీనికి సంతోషించునే గాని కోపగించడు.

ఇప్పుడు మార్కాపురపు ప్రశ్నకు వత్తము. ఒక్క ఫ్లోరైడును కొలుచుటకే అయినచో ఇంత సరంజామా అక్కరలేదని మా అభిప్రాయము. 1966లో ఫ్రాంట్, రాస్ అనువారు ప్రకటించిన ఫ్లోరైడు ఎలక్ట్రోడు కలదు. లాంథనమ్ ఫ్లోరైడు స్ఫటికముతో చేసిన ఆ చేతి కడ్డీని, తగిన ద్రావణము కలిపిన నీటిలో ముంచినచో కొద్ది నిమిషములలో అంకె తెలియును. ధర తక్కువ, ఒక చిన్న ప్రయోగశాల దానిని పోషింపగలదు. 2019లో ఆరంభమైన జల జీవన మిషన్ క్రింద గ్రామమునకు అయిదుగురు స్త్రీలకు నేర్పదలచిన రంగుల పెట్టె పరీక్ష ఇంకను తేలిక. అందు ఫ్లోరైడు ఎక్కువైనకొలది రంగు వెలియును. రంగును కార్డుతో పోల్చుట వలన 1కిని 1.5కును గల తేడాను కంటితో తేల్చుట కష్టము. కాని 4 ఉన్న బోరును 0.5 ఉన్న బోరునుండి వేరుచేయుటకు అది చాలును. ఏ బోర్లను ముందుగ ప్రయోగశాలకు పంపవలెనో ఆ పెట్టె చెప్పును.

మరి పెద్ద యంత్రము దేనికి? ఒక్క చుక్కలో ఫ్లోరైడుతోపాటు నైట్రేటును, క్లోరైడును, సల్ఫేటును ఒకేమారు చూపుటకు. వందల నమూనాలు వచ్చు చోట అది కాలమును, మందులను ఆదా చేయును. ఎలక్ట్రోడు చెప్పిన అంకెపై తగవు వచ్చినప్పుడు వేరొక దారిన సరిచూచును. ఐదు పట్టణములలో ఐదు యంత్రములను సగము సగము నడుపుటకంటె, శిక్షణ పొందిన రసాయనజ్ఞుడు నిత్యము కనిపెట్టియుండు ఒక్క యంత్రము, ఊళ్లనుండి సీసాలను వేళకు చేర్చు ఒక్క బండి మేలు. ఈ మాట కొందరికి రుచింపకపోవచ్చును. ప్రారంభోత్సవములు యంత్రములకు జరుగును గాని బండ్లకు జరుగవు గదా.

సీసా సంగతి పంచాయతీ చేతిలోనిది గనుక దానిని కొంచెము విస్తరించి చెప్పెదము. లీటరు పట్టు శుభ్రమైన ప్లాస్టిక్ సీసా కావలెను. శీతలపానీయపు పాత సీసా పనికిరాదు. కొన్ని పానీయములలో ఫాస్ఫారిక్ ఆమ్లముండును, అది ఫాస్ఫేటు కొండగా లేచి రసాయనజ్ఞుని తికమకపెట్టును. సబ్బుతో కడుగరాదు. ఏ బోరు నీటిని పట్టుదురో ఆ నీటితోనే మూడుమార్లు తొలిచివేయవలెను. గొట్టములో రాత్రినుండి నిలిచిన నీటిని పట్టరాదు. కొన్ని నిమిషములు పంపు కొట్టి పారబోసిన పిమ్మట పట్టవలెను. నీరు చెడకుండ ఆమ్లము వేసి పంపుట మరికొన్ని పరీక్షలకు ఆచారము. ఈ పరీక్షకు మాత్రము వేయనే కూడదు. నైట్రిక్ ఆమ్లము వేసిన సీసాలో నైట్రేటు ఎంతయని అడుగుట చక్కెర కలిపిన పాలలో తీపి ఎంతయని అడుగుట వంటిది. ఫ్లోరైడు కొన్ని వారములు చెక్కుచెదరదు. నైట్రేటు అట్లు కాదు. సూక్ష్మజీవులు దానిని మార్చివేయును. కావున సీసాను చల్లగా నుంచి రెండు దినములలో చేర్చవలెను. సీసాపై బోరు ఉన్న చోటు, లోతు, పట్టిన తేదీ, పట్టినవారి పేరు చెరగని సిరాతో వ్రాయవలెను. క్రిముల పరీక్షకు వేరే శుద్ధిచేసిన సీసా కావలెను; ఎంత గొప్ప యంత్రమైనను ఇది క్రిములను చూపదు.

ఏడాదికి ఒక్కమారు చాలదు. వానలకు ముందు ఒకటి, వానల తరువాత ఒకటి పంపినచో ఆ బోరు నడత తెలియును. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ కంభము చెరువును నింపిన యేట చుట్టుప్రక్కల నూతుల నీరు ఒక తీరుననుండును, చెరువు ఎండిన యేట మరియొక తీరుననుండును.

ఫలితముల కాగితము వచ్చిన పిమ్మట దానిని చదువుట. భారతీయ ప్రమాణముల సంస్థ 2012లో సవరించిన 10500 సంఖ్య గల ప్రమాణము ప్రకారము లీటరు త్రాగునీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము లోపున ఉండవలెను. వేరు ఆధారము లేనిచో 1.5 వరకు ఓర్చుకొనవచ్చును. క్లోరైడు 250, గత్యంతరము లేనిచో 1000. సల్ఫేటు 200, గత్యంతరము లేనిచో 400. నైట్రేటునకు 45, దీనికి మాత్రము సడలింపు లేదు. నైట్రేటు మించినచో సీసాపాలు త్రాగు పసికందులకు రక్తము నీలమెక్కు ప్రమాదము కలదు. అది రాతినుండి కాక పెంటకుప్పలు, మరుగుదొడ్ల గుంటలు, యూరియా చల్లిన పొలములనుండి వచ్చుట సామాన్యము. కాగితముపై ‘నైట్రేటు’ అని ఉన్నదో ‘నైట్రేటు నైట్రోజను’ అని ఉన్నదో కన్నువేసి చూడవలెను. రెండవ లెక్కలో 10 అనగా మొదటి లెక్కలో 45కు దగ్గర. పది చూచి సంతోషించినవారు మోసపోయినట్లే.

ఒక ఊరిలో మూడు బోర్లున్నవనుకొందము. మొదటిదానిలో క్లోరైడు 620, ఫ్లోరైడు 0.8, నైట్రేటు 30. రెండవదానిలో క్లోరైడు 60, ఫ్లోరైడు 3.1, నైట్రేటు 20. మూడవదానిలో క్లోరైడు 150, ఫ్లోరైడు 0.9, నైట్రేటు 110. ఊరిలో ఎవరిని అడిగినను రెండవ బోరు నీరే అమృతమందురు. బిందెల వరుస అక్కడనే ఉండును. మూసివేయవలసినది అదియే. మొదటిది నోటికి రుచింపదు గాని అక్కరకు వచ్చును. మూడవదాని చుట్టు గల పెంటలను తొలగించి, గట్టు కట్టి, మరల పరీక్షింపవలెను. ఆలోపున చంటిబిడ్డలకు ఆ నీరు పోయరాదు. తియ్యని బోరును త్రాగుటకు వలదని చెప్పుట సర్పంచికి ఎంత కష్టమో మేమెరుగుదుము. అందుకే తీర్మానము చేయుటకు ముందు కాగితమును గ్రామసభలో చదివి వినిపించవలెను. పంపుకు ఎర్రరంగు పూసి, స్నానమునకు, బట్టలకు మాత్రమేనని వ్రాయించవలెను. పశువులకును ఆ నీరు మంచిది కాదు.

1.5 అను అంకెను గూర్చి మరియొక మాట. ఎండలో కూలిచేయువాడు దినమునకు త్రాగు నీరు చల్లని దేశమున ఇంటిపట్టున కూర్చున్నవాని నీటికి రెండింతలుండును. నీరు రెండింతలైనచో ఫ్లోరైడును రెండింతలే. మన ప్రాంతమునకు 1 అను హద్దునే పట్టుకొనుట మేలని మా సలహా.

ఇటీవల పెక్కు ఊళ్లలో శుద్ధిజలపు కేంద్రములు వెలసినవి. ఇరువది లీటర్ల డబ్బాలు ఇంటింటికి చేరుచున్నవి. ఆర్.ఓ. పొర క్రొత్తగా నున్నంతవరకు ఫ్లోరైడును చాలభాగము తీసివేయును. పొర పాతబడినకొలది వడి తగ్గును. నీరు మాత్రము తేటగానే వచ్చుచుండును. కావున కేంద్రమునకు పోవు నీటిని, వచ్చు నీటిని రెండింటిని సీసాలలో పట్టి పంపవలెను. పొర వదలివేసిన నీటిలో ఫ్లోరైడు మరింత చిక్కగా నుండును. దానిని నూతి ప్రక్కన గుంటలో వదలుట మంచిది కాదు. సున్నము, పటికలతో ఫ్లోరైడును తొలగించు నల్లగొండ పద్ధతి వేరొకటి కలదు. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ దానిని రూపొందించినది. ఏ పద్ధతి పట్టినను పరీక్ష ఆగరాదు. పూల సుబ్బయ్య వెలిగొండ పథకము ద్వారా కృష్ణ నీటిని సొరంగములగుండ నల్లమలసాగరమునకు తెచ్చి ఈ మెట్టసీమకు త్రాగునీరు, సాగునీరు ఇచ్చుట ఉద్దేశము. నదినీరు ఇంటికుళాయికి వచ్చువరకు బోరే మనకు దిక్కైన ఊళ్లు గలవు. ఆ బోర్ల లెక్క మన దగ్గర ఉండి తీరవలెను.

డబ్బా నీటిని గూర్చి ఒక సంగతి గమనించితిమి. పెక్కు ఇండ్లలో దానిని గ్లాసులో పోసికొని త్రాగుటకే వాడుచున్నారు. బియ్యము, పప్పు మాత్రము బోరు నీటితోనే ఉడుకుచున్నవి. ఉడికిన అన్నము తాను పీల్చిన నీటితోపాటు ఫ్లోరైడును కంచమునకు తెచ్చును. ఇంట పరిస్థితి ఇట్లున్నచో అంగన్‌వాడీ పొయ్యిమీద, పాఠశాల మధ్యాహ్న భోజనపు గిన్నెలో ఏ నీరు మరుగుచున్నది? పండ్లు రూపుదిద్దుకొను వయస్సు బిడ్డలందరు దినదినము తినునది అక్కడనే. పంచాయతీ పంపు మొదటి సీసా ఆ వంటగది బోరుదై యుండవలెను. సభ్యులు ఈ నెలలోనే వెళ్లి, ఆ బోరు లోతును, వేసిన సంవత్సరమును, కడపటి పరీక్ష తేదీని అడిగి పంచాయతీ పుస్తకమున వ్రాసికొనవలసినదిగ కోరుచున్నాము. తేదీ ఎవరును చెప్పలేకపోయినచో ఆ గడిని ఖాళీగ నుంచి, సీసాను మరునాడే పంపుడు.